ప్రార్థన మనవి ఎవరి సొత్తు?

దెకపొలి ప్రాంతంలో చెవుడు, నత్తి ఉన్న ఒకతణ్ణి యేసుప్రభువు దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన ముందుగా అతణ్ణి జనంలోంచి పక్కకు తీసుకెళ్లాడు (మార్కు 7:33). ఆ తర్వాతే చెవుల్లో వేళ్లు పెట్టాడు, నాలుక ముట్టాడు. బేత్సయిదాలో గుడ్డివాణ్ణి చెయ్యి పట్టుకొని ఏకంగా ఊరి బయటికే నడిపించాడు. యాయీరు కుమార్తె ఉన్న గదిలోకి తల్లిదండ్రుల్ని, ముగ్గురు శిష్యుల్ని తప్ప ఎవర్నీ రానివ్వలేదు.

ఆయన శిష్యులమైన మన వాట్సాప్ గ్రూపుల్లో జరుగుతున్నదేమిటి? ఐసీయూలో గొట్టాలతో పడుకున్న విశ్వాసి ఫొటో, పేరు, ఆసుపత్రి, ఒక్కోసారి రిపోర్టుతో సహా ‘అర్జెంట్ ప్రేయర్ రిక్వెస్ట్’ అంటూ వచ్చేస్తుంది. పంపినవారిది ప్రేమే, సందేహం లేదు. కాని సంఘం గ్రూపులో పడింది గంట తిరిగేలోగా అమెరికాలోని బంధువులకూ చేరుతుంది. పెళ్లి కావలసిన అమ్మాయి మానసిక చికిత్స, భార్యాభర్తల తగవు, తండ్రి తాగుడు ఇలాగే ఊరు దాటుతున్నాయి. చదివినవారంతా మోకాళ్లూనరు కదా! తర్వాత డిలీట్ చేసినా, ఎవరో తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్ పోదు. 2018లో వాట్సాప్ మనదేశంలో ఫార్వర్డ్‌లను ఒక విడతకు ఐదు చాట్లకు పరిమితం చేసింది. అయితే ఆ ఐదూ పెద్ద గ్రూపులైతే?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పునిచ్చింది. నమ్మకంతో చెప్పిన హెచ్‌ఐవీ సంగతిని ఆ వ్యక్తి అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసింది. సంఘం ఈ విషయంలో చట్టంకన్నా ముందుండవలసింది.

‘వివరాలు తెలియకపోతే భారంతో ఎలా ప్రార్థిస్తాం?’ అంటారు కొందరు. పౌలు తన శరీరంలోని ముల్లు గురించి రాశాడు, అదేమిటో మాత్రం చెప్పలేదు (2 కొరింథీ 12:7). రెండువేల ఏళ్లుగా పండితులు ఊహిస్తూనే ఉన్నారు. దేవునికి మాత్రం ఆ ముల్లు పేరు, వార్డు నంబరు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నోవహు కుమారుడు హాము తన అన్నదమ్ములకు చెప్పింది అబద్ధం కాదు, నిజమే. అయినా బైబిలు మెచ్చుకున్నది వెనుకకు నడిచి తండ్రికి వస్త్రం కప్పిన ఇద్దర్నే.

రోగియే సంఘ పెద్దల్ని పిలిపించుకోవాలంటాడు యాకోబు (5:14). అంటే ఎవరికి తెలియాలో నిర్ణయించేది మంచంమీద ఉన్న వ్యక్తే. ‘పాస్టరుగారికి చెబితే గ్రూపులో పడుతుంది’ అన్న భయంతో విశ్వాసులు నోరు మెదపకపోతే ఆ నష్టాన్ని పూడ్చేదెవరు? గ్రూపులో పెట్టేముందు ఒక్క ఫోను చేసి అడగండి. ఒప్పుకుంటే పెట్టండి, ఫొటో వద్దు. ఒప్పుకోకపోతే మీరొక్కరే ప్రార్థించండి. స్వస్థత దొరికాక సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నదీ వారినే అడగాలి.