రాలిపోయే అక్షరాలు

పీహెచ్‌డీ చేసిన ఓ అమ్మాయి ఈ వారం తన థీసిస్ తెచ్చి చూపించింది. బైండింగ్ చేయించి ఏడాది కూడా కాలేదు. పేజీ మడత పడిన చోటల్లా అక్షరాలు పొడిపొడిగా రాలి వేలికి నల్లగా అంటుకుంటున్నాయి. నాకు కడుపు మండిపోయింది. ఏళ్ల తరబడి పడిన కష్టమంతా నాసిరకం టోనర్ పాలైంది.

టోనర్ అంటే ప్లాస్టిక్, నల్లరంగు కలిపి చేసిన సన్నటి పొడి. ప్రింటర్ లోపల సుమారు 200 డిగ్రీల వేడికి అది కరిగి కాగితాన్ని కరుచుకోవాలి. ఆ వేడికి కుదరని పొడి పోస్తే సరిగా కరగక పైపైనే నిలుస్తుంది. ప్రింటు తీసిన రోజు నిగనిగలాడుతుంది, రాలడం తర్వాత మొదలవుతుంది. ఇంక్‌జెట్‌లో నాసి ఇంకు పోస్తే హెడ్డు పూడుకుపోతుంది, ఫొటో వెలిసిపోతుంది.

తిరుపతి, చిత్తూరు జిరాక్స్ షాపుల్లో రీఫిల్ ఎలా చేస్తారో ఒకసారి దగ్గర నిలబడి చూడండి. కుర్రాడు కాలిన సోల్డరింగ్ ఐరన్‌తో కార్ట్రిడ్జ్‌కు బెజ్జం పెడతాడు, గరాటుతో పొడి పోసి టేపు అంటిస్తాడు. వాడేసిన పొడి చేరే గది దులపకపోతే అది నిండి పొర్లి పేజీల మీద నల్లచారలు పడతాయి. దులిపితే మైక్రాన్లలో కొలిచే ఆ పొడి మాస్కు లేని అతని ముక్కులోకే పోతుంది. ఒరిజినలే కొనమని చెప్పే ప్రకటనల్లో ఆ పిల్లవాడి ఊపిరితిత్తుల మాట ఉండదు.

అయినా రీఫిల్ చేసేవాణ్ణి దొంగ అంటే నేను ఒప్పుకోను. ఒకసారి అమ్మేసిన కార్ట్రిడ్జ్ మీద కంపెనీకి పేటెంట్ హక్కు మిగలదని 2017లో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. అసలు దొంగ కంపెనీ పేరున్న డబ్బాలో నాసి సరుకు నింపి అమ్మేవాడు. అలాంటివాడికి మన 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు రాసిపెట్టింది. దాడులు చేసి పట్టుకోవలసింది వాళ్లను. కంపెనీలూ తక్కువ తినలేదు. మన షాపుల్లో ఎక్కువగా కనిపించే 12ఎ కార్ట్రిడ్జ్ 2000 పేజీలొస్తుందంటారు, అదీ పేజీలో నూటికి 5 వంతులే నలుపు పడితే. ధర మాత్రం వేలల్లో. పేజీకి రూపాయో రెండో తీసుకునే షాపువాడు దాన్ని ఎలా కొంటాడు?

తాళ్లపాకవారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడి అరలో దాచిన నేల ఇది. శతాబ్దాల తర్వాత తీసినా చదవగలిగాం. అలాంటిచోట యూనివర్సిటీ లైబ్రరీలో ఉండాల్సిన ప్రతిని ఎవరు ఏ పొడితో తీశారో అడిగే నాథుడు లేడు. భద్రపరిచే ఆ ఒక్క ప్రతినైనా యూనివర్సిటీయే మంచి టోనర్‌తో తీయించాలి.

అసలు ప్రభుత్వాఫీసుల్లో ఇన్ని కాగితాలు ఎందుకు? 1-బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, మనిషెవరో ఆధార్ వేలిముద్రతో తేలుతుంది. అయినా పనిమీద వెళ్లిన రైతును మూడు సెట్ల జిరాక్సు తెమ్మంటారు. ఆ సెట్లు బీరువాల మీద దుమ్ము పట్టి పడి ఉంటాయి, మళ్లీ వెళితే మళ్లీ తెమ్మంటారు. ముందు ఆ అడగడం మానిపించండి, కలెక్టర్ గారూ.