దారంతో కొలిచిన దూరం

గత సంచికలో బాయిలరు గొట్టాల తుప్పును గూర్చి వ్రాసినందుకు కొందరు సోదరీమణులు మమ్ము సున్నితంగా మందలించారు. కావున ఈ పర్యాయం విమానయానాన్ని గూర్చి ముచ్చటిస్తాము. మా టౌన్‌షిప్పులో అమెరికాలో బిడ్డలు లేని ఇల్లు వెదకి పట్టుకోవలసిందే గదా!

2018 డిసెంబరులో మా విభాగంలో పదవీ విరమణ చేసిన ఒక మిత్రులు హఠాత్తుగా కాలధర్మం చెందారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కుమారుడు, ఢిల్లీకి నేరుగా వచ్చే విమానంలో సీటు దొరికిందనీ, అక్కడి కాలమానం ప్రకారం ఆదివారం ఉదయం పది గంటలకు బయలుదేరుతుందనీ మాత్రమే ఫోనులో చెప్పగలిగాడు. ఎప్పటికి చేరగలడని పెద్దలు మమ్ము అడిగారు. ఇంజనీరులము గదా! గ్లోబు మీద దారం పరచి కొలిచాము. సుమారు 12,400 కిలోమీటర్లు. గంటకు 900 వంతున భాగించి పద్నాలుగు గంటలన్నాము. అక్కడ ఉదయం పది అంటే మనకు రాత్రి పదకొండున్నర. ఆ లెక్కన సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఢిల్లీ, సాయంత్రపు విమానంలో విశాఖ, రాత్రికి ఇల్లు.

ప్రయాణం దాదాపు పదహారు గంటలు పట్టినది. తనిఖీలు ముగించుకొని అతడు బయటపడేసరికి సాయంత్రపు విమానం వెళ్ళిపోయినది. మరునాటి ఉదయం గాని ఇల్లు చేరలేదు. ఐసు పెట్టె ప్రక్కన ఆ రాత్రంతా కూర్చున్న మా మిత్రుని ధర్మపత్ని “అన్నయ్యగారూ, ఎన్నింటికి వస్తాడన్నారు?” అని మమ్ము రెండుసార్లు అడిగారు.

లెక్క ఎక్కడ తప్పినది? దారం చూపినది భూగోళంపై అతి హ్రస్వమైన మార్గం. అది 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, ఆర్కిటిక్ మీదుగా వచ్చి టిబెట్టుపై దిగుతుంది. విమానంలో గాలి పీడనం పడిపోతే వెంటనే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగవలె. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్ల పైమాట! ప్రయాణికుల ముసుగులలోని ప్రాణవాయువు కొద్ది నిమిషాలకే చాలుతుంది. కనుక చుట్టు తిరగక తప్పదు.

రెండవది గాలి. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు ప్రచండమైన వాయుప్రవాహాలు వీస్తుంటాయి. చలికాలంలో వాటి బలం హెచ్చు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా వారు ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మార్గం మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపారు. పాత మార్గం సుమారు 13,900 కిలోమీటర్లు, క్రొత్తది 15,300. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా ప్రయాణం పద్నాలుగున్నర గంటలలోనే ముగిసి, దాదాపు రెండు గంటలు కలిసివచ్చినది. భూమి క్రింద తిరుగుతున్నందువల్ల కాదు సుమా. వాతావరణం కూడ భూమితోపాటే తిరుగుతుంది. కలిసివచ్చినది గాలి ఒక్కటే. ఇటు వచ్చేటప్పుడు పసిఫిక్ దారి పట్టితే ఆ గాలే ఎదురవుతుంది.

టిక్కెట్టు మీది వేళలు ఆయా ఊళ్ళవి. శాన్‌ఫ్రాన్సిస్కోకు మనం చలికాలంలో పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు ముందుంటాము.

మొన్న కుమార్తె ప్రసవానికి వెళ్ళనున్న పొరుగింటి దంపతులు ఎన్ని గంటల ప్రయాణమని అడిగారు. గ్లోబు జోలికి పోక, టిక్కెట్టు చూపమన్నాము.