డిస్క్ పాసైంది, తాతయ్య పద్యం పోయింది

మా తాతయ్య రాయబారం పద్యాలు పాడేవారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషం కూడా వేసేవారట. నేను చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికి మంచం మీద కూర్చుని పాడటమే. మావయ్య ఆ క్యాసెట్లన్నీ ఎంపీత్రీలుగా మార్చి నాకిచ్చాడు, మొత్తం 17 ఫైళ్లు. తాతయ్య పోయాక ఇంటికి రంగులేయించినప్పుడు క్యాసెట్లు పాత సామాను బండెక్కేశాయి. మావయ్య పాత కంప్యూటర్ అంతకుముందే పోయింది. అంటే నా దగ్గరున్నవే మిగిలాయి. వాటిని నేనేం చేశానో చెప్తా, ఆ తర్వాత తిట్టండి.

ఫస్టియర్‌లో నా లాప్‌టాప్ 256 జీబీ నిండిపోయింది. ఒక సీనియర్ ద్వారా సెకండ్ హ్యాండ్ 1 టీబీ హార్డ్ డిస్క్ కొన్నాను. ఉబుంటులో స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో దాని ఆరోగ్యం అడిగాను. "పాస్డ్" అని వచ్చింది. ఇంకేం, హెచ్‌డీపార్మ్‌తో స్పీడ్ చూశా, సెకనుకి 110 ఎంబీ. ఆ స్క్రీన్‌షాట్ హాస్టల్ గ్రూపులో కూడా పెట్టా. పద్యాలతో సహా అన్నీ దాంట్లోకి కాపీ చేసి, లాప్‌టాప్‌లోవి డిలీట్ చేశా. మూడు నెలల తర్వాత అమ్మ అడిగిందని ఫోన్‌లో వినిపిద్దామని ఓపెన్ చేస్తే, తాతయ్య రాగం అందుకున్నారు, 40 సెకన్లకి గొంతు ఆగిపోయింది. టెర్మినల్‌లో చూస్తే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. మళ్లీ స్మార్ట్‌సీటీఎల్ నడిపా. మళ్లీ "పాస్డ్".

నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. అది అబద్ధం చెప్పలేదు, నేనే దాని అర్థం తెలుసుకోలేదు. డిస్క్ తన లోపలి లెక్కల్ని కొన్ని స్కోర్లుగా మార్చుకుంటుంది. ఒక్కో స్కోరుకి తయారుచేసినవాళ్లే ఒక గీత పెడతారు. ముఖ్యమైన స్కోర్లేవీ ఆ గీత కిందకి పడకపోతే "పాస్డ్". ప్రశ్నపత్రం వాళ్లదే, పాస్ మార్కులూ వాళ్లవే. మన ఇంటర్నల్స్ గుర్తొస్తే నా తప్పు కాదు.

చూడాల్సింది ఆ మాట కాదు, కింద పట్టికలో చివరన ఉండే ముడి అంకెలు. 5వ నంబరు, పాడైపోయి మార్చేసిన సెక్టార్లు. 197, చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. 198, ఆఫ్‌లైన్ పరీక్షలో సరిచేయలేకపోయినవి. నా డిస్క్‌లో 197 ఎదురుగా 56 ఉంది. అంటే 56 చోట్ల "చదవలేకపోతున్నా, తర్వాత చూద్దాం" అని డిస్క్ వాయిదా వేసుకుంది. ఆ చోట మళ్లీ ఏదైనా రాసినప్పుడు తేలుతుంది, బాగుంటే వాడుకుంటుంది, లేకపోతే స్పేర్ సెక్టార్‌కి మార్చేస్తుంది. ఇంకో నంబరుంది, 199. అది పెరుగుతుంటే డిస్క్‌ని తిట్టే ముందు కేబుల్ మార్చి చూడండి. చాలాసార్లు దొంగ అదే.

ఇక స్పీడ్ సంగతి. మనవాళ్లు డిస్క్ టెస్ట్ అంటే స్పీడ్ టెస్టే అనుకుంటారు. అది కూడా సరిగ్గా చేయరు. మా రూమ్మేట్ డీడీ కమాండ్‌తో చిన్న ఫైల్ రాసి "సెకనుకి 1.4 జీబీ" అని ఎగిరాడు. తిరిగే హార్డ్ డిస్క్‌కి అంత సీన్ లేదు, వాడు కొలిచింది ర్యామ్‌ని. లినక్స్ ముందు ర్యామ్‌లో పెట్టుకుని "రాసేశా" అంటుంది, డిస్క్ మీదికి తర్వాత తోస్తుంది. డైరెక్ట్ ఫ్లాగ్ ఇస్తేనే నిజం బయటికొస్తుంది. ఎఫ్ఐఓతో 4 కేబీ ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి చదివించండి, 110 ఎంబీ గొప్పలు పోతాయి. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లేనికి ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు కావాలి. సగటున సగం చుట్టు ఆగాలి, పైగా హెడ్ జరగాలి. సెకనుకి వంద ముక్కలు కూడా కష్టం, అంటే 400 కేబీ లోపే.

కానీ స్పీడ్ టెస్ట్‌ని నేను పనికిరానిదనట్లేదు. డిస్క్ మొత్తాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివిస్తూ చూస్తే, బయటి అంచు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వేగం మెల్లగా తగ్గుతుంది. అది మామూలే. మధ్యలో ఎక్కడో హఠాత్తుగా ఆగి, మళ్లీ కదిలితే అనుమానించాలి. చదవడం రాక డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుండొచ్చు. నేను పద్యాలు కాపీ చేసిన రోజు రెండుసార్లు అలాగే ఆగింది. యూఎస్‌బీ పోర్ట్ లూజు అనుకుని టీకి వెళ్లా.

జీఎన్‌యూ డీడీరెస్క్యూ పెట్టి ఒక రాత్రంతా నడిపితే 14 ఫైళ్లు పూర్తిగా వచ్చాయి. మూడు రాలేదు. అందులో ఒకటి అమ్మ అడిగింది.

అందుకే నా వాదన కాస్త మొండిగానే ఉంటుంది. కొత్తదైనా పాతదైనా, డిస్క్ మీద డేటా పెట్టే ముందు రాత పరీక్ష పెట్టాల్సిందే. బ్యాడ్‌బ్లాక్స్‌ని రాత మోడ్‌లో నడిపితే డిస్క్ నిండా నాలుగు నమూనాలు రాసి, ఒక్కోటీ తిరిగి చదువుతుంది: 10101010, 01010101, తర్వాత అన్నీ 1లు, అన్నీ 0లు. జాగ్రత్త, డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది, ఖాళీ డిస్క్ మీదే చేయండి. 1 టీబీకి సెకనుకి 100 ఎంబీ అనుకున్నా ఒక్క దఫాకి మూడు గంటలు, అలాంటివి ఎనిమిది. "ఒక రోజంతానా!" అని అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్నే. అది అయ్యాక స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టి, ముడి అంకెలు ముందువాటితో పోల్చి, పెరిగితే తిరిగిచ్చేయాలి.

ఇంత చేసినా హామీ లేదు. లక్షకు పైగా డిస్క్‌లని పరిశీలించి గూగుల్ వాళ్లు 2007లో ఒక పేపర్ ఇచ్చారు. చెడిపోయినవాటిలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత లెక్కలోకి తీసుకోకపోతే, ఏ స్మార్ట్ అంకెలోనూ ముందస్తు సూచన చూపలేదు. అదే పేపర్‌లో, ఒక్కసారి స్కాన్ ఎర్రర్ వచ్చిన డిస్క్ 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, రాని డిస్క్ కంటే 39 రెట్లని కూడా ఉంది. అంటే పరీక్ష "ఇది వద్దు" అని చెప్పగలదు, "ఇది మంచిది" అని చెప్పలేదు. పరీక్షించిన డిస్క్ మీద కూడా ఒకే కాపీ పెడితే అది కాపీయే కాదు, అసలు.

ఇదంతా సాహిత్య క్లబ్ పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన పాత సంచికలు, కవి సమ్మేళనం వీడియోలు అన్నీ క్లబ్ రూమ్ బీరువాలో ఒకే ఒక్క డిస్క్‌లో ఉన్నాయి. ఎప్పుడు కొన్నారో కోఆర్డినేటర్ అన్నకి కూడా తెలీదు. అడిగి తెచ్చుకున్నా. ముందు ఇంకో రెండు చోట్లకి కాపీ తీస్తున్నా, ఆ తర్వాతే టెస్ట్. 197 ఎదురుగా ఇప్పటికి సున్నా ఉంది. 5 ఎదురుగా 8. కాపీ 61 శాతం అయింది, ఇందాకట్నుంచి రెండుసార్లు ఆగింది. ఈసారి టీకి వెళ్లలేదు.