ఆకుకూర మా వాడది, సాత్విక పాఠం ఎవరిది?

ఈ మధ్య మా హాస్టల్‌లో ఆరోగ్యం మీద ఒక ఉపన్యాసం పెట్టారు. వచ్చిన పెద్దమనిషి గంటసేపు మాట్లాడి చివరకు తేల్చింది ఒకటే. కూరగాయలు తినేవాళ్ల బుద్ధి నిర్మలంగా ఉంటుందట, మాంసం తినేవాళ్లకు కోపం, బద్ధకం ఎక్కువట. ప్రశ్నలు అడగమంటే నేను లేచి, "సార్, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కూరగాయల కిందికి వస్తాయా, రావా?" అని అడిగాను. అవి తామసాహారం, చదువుకునే పిల్లలు మానేస్తే మంచిది అన్నారాయన. హాల్లో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. శాకాహారులకు మెస్‌లో వేరే బల్లలు కేటాయించాలన్న వినతిపత్రం ఆ వారమే కమిటీ ముందుకు వచ్చింది.

మాది జహీరాబాద్ వైపు ఒక మాదిగ వాడ. దళిత మహిళల కూలి బతుకు, తిండి మీద పరిశోధన చేస్తున్నాను. కూరగాయలు తినొద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. తినాలి, ఇప్పుడు తింటున్న దానికంటే ఎక్కువే తినాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్లకు ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెబుతున్నాయి. అందులో తగువు లేదు. కూరగాయను శుద్ధికి గుర్తుగా మార్చి మన కంచం మీద తీర్పు చెప్పేవాళ్లు, మనకు ఆ కూరగాయ ఎందుకు అందడం లేదో మాత్రం ఎప్పుడూ అడగరు. నా తగువు అక్కడే.

మొదట, కూరగాయల గురించి మాకు పాఠం చెప్పాల్సిన అవసరం ఉందా అన్నది చూద్దాం.

మా అమ్మమ్మకు బడి తెలియదు. కానీ తొలకరి పడ్డాక చేలల్లో ఏ ఆకు ఎప్పుడు మొలుస్తుందో, ఏది లేతగా ఉన్నప్పుడే తెంపాలో, ఏది ఒకసారి ఉడకబెట్టి నీళ్లు వంపితే గాని చేదు పోదో తెలుసు. గంగవాయిలి కూర, పొన్నగంటి, తుమ్మికూర, చెంచలి కూర, గునుగు కూర, చెన్నంగి ఆకు. వీటిలో ఎక్కువ భాగం ఎవరూ విత్తనం వేసినవి కావు. జొన్న, కంది చేలల్లో వాటంతట అవే మొలిచేవి. పటేల్ చేనులో కలుపు తీయడానికి కూలికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం అదే కలుపును కొంగులో కట్టుకొని ఇంటికి తెచ్చేవారు. ఆయనకు కలుపు, మాకు కూర. పప్పు ఉంటే పప్పులో వేసేవారు, లేకపోతే జొన్నపిండి కలిపి ఉడికించేవారు. చింతచిగురు దొరికితే ఎండు రొయ్యలు వేసేవారు, పుంటికూరలో తునకలు వేసేవారు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, వాళ్లలో అత్యధికులు దళితులు, ఈ సాగు చేయని ఆకుకూరలను ఏళ్లుగా గుర్తించి, నమోదు చేసి, పండుగలు కూడా జరిపారు. పక్క రాష్ట్రంలో షాహూ పాటోళె 2015లో మరాఠీలో రాసిన పుస్తకం మరాఠ్వాడా దళితుల వంటను అచ్చులోకి తెచ్చింది. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. మన తెలుగు వంటల పుస్తకాలు మాత్రం తిరగేయండి. గుత్తి వంకాయకు ఎన్ని రకాలో లెక్క ఉండదు. తుమ్మికూరకు, గునుగు కూరకు చోటు ఎక్కడుంది? ఈ ఆకులకు మాంసం వాసన లేదు, నెత్తురు లేదు. అయినా 'సంప్రదాయ శాకాహారం'లోకి రాలేదు. కారణం వాటిని తెంపిన చేతులే.

ఇక శాస్త్రం మాట. ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఇనుమును శరీరం తక్కువగా తీసుకుంటుంది. అదే పూటలో సి విటమిన్ ఉన్న పదార్థం తింటే ఎక్కువ వంటబడుతుంది, అందుకే ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం మంచిది. మాంసమో చేపో కలిపి తిన్నా అంతే, ఆకులోని ఇనుమును కూడా శరీరం మెరుగ్గా గ్రహిస్తుంది. ఆకులో ఉన్న ఏ విటమిన్ తాలూకు పదార్థం వంటబట్టాలంటే కాస్త నూనెనో కొవ్వో ఉండాలి. బి12 కోసమైతే మాంసం, చేప, గుడ్డు, పాలు లాంటి జంతు సంబంధమైన ఆహారమో, మందో కావాల్సిందే. పుంటికూరలో తునకలు, చింతచిగురులో ఎండు రొయ్యలు వేసిన మా అమ్మమ్మ చేతి వంట ఈ లెక్కలన్నింటికీ సరిపోయింది. ఆకునూ మాంసాన్నీ రెండు బల్లల మీదికి విడగొట్టమని ఏ పోషకాహార శాస్త్రమూ చెప్పలేదు. ఆ పని కులం చేసింది.

ఈ విడగొట్టడం ఎంత దూరం పోయిందో చూడండి. 2018 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాస్ మెస్‌లో శాకాహారులకు వేరే ప్రవేశ ద్వారమని, వేరే చేతులు కడిగే చోటు అని కాగితాలు అంటించారు. 2023లో ఐఐటీ బాంబే క్యాంటీన్‌లో ఇక్కడ శాకాహారులు మాత్రమే కూర్చోవాలన్న పోస్టర్ వెలిసింది. తర్వాత మెస్‌లో వేరే బల్లలు కేటాయించారు. వాటి దగ్గర నిరసన తెలిపినందుకు ఒక విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. వేరే ద్వారం, వేరే నీళ్లు, వేరే పంక్తి. ఈ మూడూ మన తాతలకు తెలిసినవే.

"అది కులం కాదు, మాంసం వాసన పడక" అనేవాళ్లకు ఒక జవాబుంది. బాబాసాహెబ్ 1936లో రాసిన 'కుల నిర్మూలన'లో జైపూర్ సంస్థానంలోని చక్వారా గ్రామం సంగతి చెప్పారు. తీర్థయాత్ర ముగించుకొని వచ్చిన ఒక అంటరాని మనిషి తన కులస్తులకు విందు పెట్టాడు. నెయ్యి వేసి వండిన వంటకాలు వడ్డించాడు. వందలాది సవర్ణులు కర్రలతో వచ్చి తిండిని పాడుచేసి, తింటున్నవాళ్లను కొట్టారు. అక్కడ వాళ్ల నేరం మాంసం కాదు, నెయ్యి. వాళ్ల శాస్త్రం ప్రకారమే పరమ సాత్వికమైన నెయ్యి! 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక దళిత మహిళ బడిలో వండిన మధ్యాహ్న భోజనాన్ని సవర్ణ పిల్లలు మానేశారు, ఆమెను పనిలోంచి తీసేశారు. అక్కడా గొడవ వంటకం మీద కాదు, వండిన చేయి మీద. రేపు మనమంతా మాంసం మానేసినా మన కంచం వాళ్లకు శుద్ధం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 400 గ్రాముల కూరగాయలు ఎక్కడి నుంచి రావాలి?

రేషన్ దుకాణంలో బియ్యం దొరుకుతాయి. 2013 ఆహార భద్రతా చట్టం ధాన్యానికి హామీ ఇచ్చింది, కూరగాయకు కాదు. టమాట ధర పెరిగిన నెలల్లో కూలి ఇళ్లలో మొదట తగ్గేది కూర. ఇంట్లో అందరికంటే చివర తినే ఆడమనిషికి ఇంకా తగ్గుతుంది, అన్నంలోకి పచ్చడి మిగులుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. వీళ్లకు లేనిది సాత్విక బుద్ధి కాదు. మంచి తిండి కొనుక్కునే కూలి లేదు, పండించుకునే నేల లేదు.

"పెరట్లో పెంచుకోండి" అని అంగన్‌వాడీ గోడల మీద రాస్తారు. మా వాడకు వచ్చి పెరడు ఎక్కడుందో చూపించండి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మావి. 2011 జనగణనలో దళితులు దాదాపు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో దళితుల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం కూడా లేదు. కూరగాయ తోటల్లో వంగి తెంపే కూలీల్లో మన ఆడవాళ్లు ఉన్నారు, ఆ తోటల యజమానుల్లో మనవాళ్లు ఎంతమంది?

డబ్బు పెట్టకుండా దొరికే ఆకు కూడా ఇప్పుడు పోతోంది. జొన్న, కంది, పెసర కలిపి వేసే చేలు తగ్గి పత్తి పెరిగింది. కలుపు తీసే కూలీల బదులు కలుపు మందు కొడుతున్నారు. ఆ మందుకు గంగవాయిలి కూర, చెంచలి కూర అన్నీ కలుపే. దాంతో మన ఆడవాళ్లకు ఒకే దెబ్బకు కూలీ పోయింది, కూరా పోయింది. సాత్విక ఆహారం గురించి పుస్తకాలు పంచేవాళ్లలో ఎవరైనా దీని మీద ఒక్క మాట మాట్లాడగా విన్నారా?

బడి భోజనం సంగతీ అంతే. ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు, పై తరగతుల పిల్లకు 75 గ్రాములు అని నిబంధన. 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్లకు వంట ఖర్చు రోజుకు 6.78 రూపాయలుగా కేంద్రం నిర్ణయించింది. పప్పు, కూరగాయలు, నూనె, కారం, వంట గ్యాస్ అన్నీ అందులోనే. ఆ లెక్కలో నీళ్ల చారే వస్తుంది. దీని మీద మఠాలు రోడ్డెక్కలేదు. కర్ణాటకలో 2021లో కల్యాణ కర్ణాటక జిల్లాల పిల్లలకు గుడ్డు ఇస్తామన్నప్పుడు మాత్రం స్వాములు అడ్డుపడ్డారు. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు ఇచ్చే ప్రతిపాదనను ముఖ్యమంత్రే తోసిపుచ్చారు. మన రెండు రాష్ట్రాల్లో 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం 98 శాతం మంది మాంసాహారులు. అయినా ఇక్కడ కూడా శాకాహారాన్ని 'అందరి తిండి'గా, మన తిండిని 'కొందరి అలవాటు'గా చెప్పే ధోరణి పెరుగుతోంది. అందుకే ముందే మేల్కోవాలి.

మనవాళ్లతో కూడా ఒక మాట. మన తిండిని అవమానించారన్న కోపంతో మన కుర్రాళ్లు కొందరు కూరగాయ అంటేనే 'బాపన తిండి' అనుకుంటున్నారు. ఆత్మగౌరవం పేరుతో బిర్యానీ, కూల్‌డ్రింక్‌లతో రోజులు గడుపుతున్నారు. పీచు, ఆకుకూర లేని తిండి మన ఒంటికే చేటు. వాడలో నలభై దాటకుండానే షుగర్, బీపీ మాత్రలు మింగుతున్నవాళ్లు నాకు తెలుసు. పుంటికూరను, తుమ్మికూరను వాళ్లకు వదిలేసి మనం ఓడిపోవద్దు. అవి మన అమ్మమ్మల ఆస్తి. గొడ్డు మాంసం తినే హక్కు కోసం కొట్లాడిన మనమే ఆకుకూర హక్కు కోసమూ కొట్లాడాలి.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. విశ్వవిద్యాలయ మెస్‌లలో వేరే బల్లలు, వేరే ద్వారాలు ఉండకూడదు. ఎవరికి ఏది కావాలో అది వడ్డించుకొని ఒకే పంక్తిలో తింటారు. బడిలో గుడ్డూ ఉండాలి, ఆకుకూరా ఉండాలి, రెండూ పెట్టగలిగేంత డబ్బు ఇవ్వాలి. ఉల్లి, ఎల్లిగడ్డ లేకుండా వండుతామనే సంస్థలకు ప్రభుత్వ బడుల వంట అప్పగించొద్దు. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, నూనె, జొన్నలు ఇవ్వాలి. దళిత మహిళా సంఘాలకు కూరగాయలు పండించుకునే భూమి, నీరు ఇవ్వాలి.

మా హాస్టల్ వినతిపత్రం ఇంకా కమిటీ దగ్గరే ఉంది. మేమూ ఒకటి రాసి ఇచ్చాం. వారానికి రెండు రోజులు పుంటికూర, తోటకూర వండాలని, వాటి పక్కనే గుడ్డు, మాంసం ఉండాలని, అన్నీ ఒకే బల్ల మీద ఉండాలని అడిగాం. మా వినతి మీద శాకాహారులైన మిత్రులు కూడా సంతకాలు పెట్టారు. వాళ్లకు కూరగాయ అంటే తిండి, మా మీద తీర్పు కాదు. మేము అడుగుతున్నదీ అంతే.

జై భీమ్.