హాము మీది తీపిపూత

గత సంవత్సరము ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు సెలవులో నుండగా, సామాన్యశాస్త్రము చెప్పుకొను నేనే ఎనిమిదవ తరగతికి ఆమె పాఠము చెప్పవలసివచ్చెను. అందొక క్రిస్మసు విందు వర్ణనలో 'హాము' అను మాట వచ్చినది. ఒక బాలుడు లేచి, "టీచరుగారూ, హామనగా నేమండీ?" అని యడిగెను. "పందిమాంసము" అని చెప్పి పాఠము సాగించితిని. ఆ యుత్తరము తప్పు కాదు గాని చాలదు. ఆవకాయ యననేమని యడిగిన పరదేశితో "మామిడికాయ" యని చెప్పినట్లుండెను. ఆ లోపమును పూరించుటకును, ఈ వంటనుగూర్చి నాకుగల యొక యభిప్రాయమును విన్నవించుటకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హామనగా పంది వెనుకకాలి తొడ. పచ్చితొడకును ఆ పేరు కలదు గాని, సాధారణముగా నట్లు పిలువబడునది ఉప్పులో నూరినది. శీతలయంత్రములు లేని కాలమున ఐరోపాలోని కాపులు చలికాల మారంభమగునప్పుడు, మేత తఱుగకమునుపే, బలిసిన పందులను కోసెడివారు. అప్పటికప్పుడు తినగా మిగిలినదానిని ఉప్పుతో రుద్ది నిలువచేసెడివారు. చలి మాంసమును చెడనీయక కాచుచుండగా ఉప్పు మెల్లమెల్లగా లోనికి దిగును, నీరు వెలుపలికి వచ్చును. కొందఱు సురేకారము చేర్చిరి, కొందఱు పొగబెట్టిరి. ఇట్లు ఎముకవఱకు ఉప్పు దిగిన తొడ నెలల తరబడి నిలుచును. పండుగనాడు వంటయింటికి వచ్చునప్పటికే దాని రుచి యెక్కువ పాలు సిద్ధమైయుండునన్నమాట.

తక్కినది పైపూత. స్వీడనులో క్రిస్మసు హామునకు ఆవముద్దయు గ్రుడ్డును పూసి, రొట్టెపొడి చల్లి కాల్చుదురు. అమెరికాలో ముడిచక్కెర, తేనె, ఆవముద్ద కలిపి పూసి, లవంగములు గ్రుచ్చుదురు. అనాసచక్రములు పేర్చువారును కలరు. చూపుల కది రాగిబిందెవలె మెఱయును. పొగడ్త యంతయు నీ మెఱుపునకే! ఇది న్యాయము కాదని నా తలంపు. 1926లో వర్జీనియా రాష్ట్రమువారు 'స్మిత్‌ఫీల్డు హాము' అను పేరు దేనికి చెల్లునో చట్టము చేసిరి. వేరుసెనగ మేసిన పందిదై యుండవలెననియు, ఆ యూరిలోనే ఊరవేసి పొగబెట్టవలెననియు నందు విధించిరి. హాము విలువ యెచ్చట నున్నదో వారెఱుగుదురు.

రెండేండ్ల క్రిందట క్రిస్మసునకు టెక్సాసులోని నా తమ్ముని యింట నుంటిని. మా మఱదలు 7 పౌనుల సగము తొడ తెచ్చినది. అంగళ్లలో దొరకు హాములు పెక్కు ముందే ఉడికినవి, వెచ్చచేసికొన్న చాలును. కాని దీని పైకాగితము మీద తినుటకు ముందు వండవలెనని యచ్చొత్తియుండెను. ఆ పంక్తి నెవరును చదువలేదు. ఆమె మొదటనే పూతనంతయు దిట్టముగా పట్టించి, ఓవెను వేడి 425 డిగ్రీలకు పెంచెను. గంట గడచునప్పటికి పైభాగము నల్లని నిగ్గు తేలి, ఇల్లంతయు మాడుచక్కెర వాసన కొట్టెను. పిల్లలు పళ్లెములతో కూర్చుండిరి.

కోయగా లోపల గులాబివన్నె కనబడెను. "అక్కా, ఇది పచ్చిగా నున్నది" అని తమ్ము డనెను. "కాదు వదినగారూ, హాము రంగే యంత" అని మఱదలు పలికెను. ఇద్దఱును రంగును బట్టియే తీర్పు చెప్పిరి. రంగు ఇచట సాక్ష్యమునకు పనికిరాదు. ఊరవేయునప్పుడు చేరిన సురేకారమువంటి లవణములు మాంసమందలి యెఱుపును పట్టి నిలుపును గనుక, ఎంత ఉడికినను హాము గులాబివన్నెగానే యుండును. థర్మామీటరు తెమ్మంటిని. ఎముకకు తగులకుండ నడుమ గ్రుచ్చి చూడగా 105 డిగ్రీలు! ఉండవలసినది 145. వెలుపల మాడుటయు లోపల ఉడుకకుండుటయు నొకే తప్పునకు ఫలములు. చక్కెర త్వరగా మాడును. మాంసములోనికి వేడి నిదానముగా ప్రాకును. మంట హెచ్చించిన చక్కెర తొందరపడునే గాని మాంసము తొందరపడదు.

ఇంతకును పూత వట్టి యాడంబరమని, దానిని మానవలెనని కొంద ఱందురు. నే నందుకు సమ్మతింపను. అంత ఉప్పని మాంసమునకు తీపి తోడు కావలెను. ఆవఘాటు కొవ్వు వెగటును విఱుచును. కాని దాని వంతు కడపటిది. ఇట్టి వండని సగము తొడను 325 డిగ్రీల వేడిలో పౌనుకు 22 మొదలు 25 నిమిషముల లెక్కను, అనగా 7 పౌనులకు రెండున్నర గంటలకు పైగా కాల్చవలెను. కొవ్వుమీద కత్తితో గండ్లు పెట్టి, చివరి అరగంటలో మాత్రమే పలుచగా పూయవలెను. లోపల 145 డిగ్రీలు రాగానే వెలుపలికి తీసి, మూడు నిమిషములైన నాగి కోయవలెను. 2011వఱకు అమెరికా వ్యవసాయశాఖవారు 160 డిగ్రీలు చెప్పుచుండిరి. ఆ సంవత్సరము 145కు తగ్గించిరి. పందిమాంసము సరిగా ఉడుకనిచో క్రిములవలన కలుగు రోగము లెఱిగినవారు ఈ లెక్కను చాదస్త మనరు. జ్వరము చూచుటకు థర్మామీటరు కొను గృహస్థులు వంటయింట మాత్రము కంటినే నమ్ముకొనుట నాకు వింతగా తోచును.

ఆనాడు మాడిన పెచ్చు గీకివేసి, తొడపై మూత కప్పి, వేడి తగ్గించి మరల లోన పెట్టితిమి. ఇంకను గంటకు పైగా పట్టెను. ఈలోగా పిల్లలు పులావును కేకును తినిరి. విందు క్రమము తలక్రిందులైనను వారు విచారించినట్లు కనబడలేదు. తుదకు రెండవ పూత పలుచగా పడి, లేత గోధుమవన్నెకు తిరిగెను. మొదటిదానివలె మెఱయలేదు గాని ముక్క మెత్తగా, రసముతో వచ్చెను.

మిగిలినదానిని రెండు గంటలు కాకమునుపే రిఫ్రిజిరేటరులో నుంచి, మఱునాడు ఆ యెముకను బఠానీపప్పుతో నుడికించితిమి. అలవాటుచొప్పున నేను ఉప్పు వేయబోవగా మఱదలు నవ్వి నా చేయి పట్టుకొనెను.