పక్కకు జరిగే పెద్దరికం

వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఉన్న పల్లెల్లో ఆదివారం పొద్దున చాలా చోట్ల కనిపించేదే. పాస్టరు గారు ఇంకా రాలేదు. ముందు ఊళ్లో ఆరాధన ముగించుకుని బండి మీద రావాలి. అంతమాత్రాన గుడి మూగబోదు. ఒకామె పాట ఎత్తుకుంటుంది. కంజర తెలిసినవాళ్లు కంజర అందుకుంటారు. ఎవరింట్లో జ్వరమో, ఎవరి పిల్లకు ఇంకా సంబంధం కుదరలేదో చెప్పుకుని ప్రార్థన చేస్తారు. వారమంతా కంది చేలల్లోనో, నాపరాళ్ల గనుల్లోనో ఒళ్లు వంచినవాళ్లే వీళ్లంతా.

ఆ గొంతులు విన్నప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. వీళ్లకు ఈ ధైర్యం ఎవరిచ్చారు? నలుగురిలో నోరు విప్పడం అంత తేలిక కాదు. మన ఊళ్లలో తరతరాలుగా మాట కొందరిది, వినడం మిగతావాళ్లది. అలా వింటూ నిలబడ్డ ఇంట పుట్టిన మనిషి, ఇవాళ లేచి అందరి తరఫునా దేవుడితో మాట్లాడుతోందంటే దాని వెనక ఎవరో చాలా ఓపిక పట్టి ఉంటారు. ఎక్కువసార్లు ఆ ఎవరో ఒక పాస్టరే.

ఈ ప్రాంతానికి మెథడిస్టు సంఘంతో తరాల అనుబంధం. నవంబరు వచ్చిందంటే ధారూరు జాతర. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద బియ్యం, గిన్నెలు, పిల్లలు, అన్నీ వేసుకుని వచ్చి, గుడారాల్లో రోజుల తరబడి ఉండేవారు. వేదిక మీద మాట్లాడినవాళ్ల పేర్లు నలుగురికీ గుర్తుంటాయి. కానీ గుడారాల మధ్య, పొయ్యి దగ్గర, ఒక ముసలమ్మ ఎవరి కోడలి తల మీదో చెయ్యి పెట్టి మెల్లగా చేసే ప్రార్థన ఉంది చూశారూ, జాతర సగం అక్కడే జరుగుతుందని నా నమ్మకం.

మామూలు మనుషులు కూడా పరిచర్యలో చెయ్యి వేసే ఈ గుణం మెథడిస్టుల పుట్టుకలోనే ఉంది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థన మందిరం కట్టిన అప్పు మీద పడింది. వారానికి మనిషికో పెన్నీ వేసుకుందామన్నారు. పదిపన్నెండు మందికి ఒకరు చొప్పున వసూలుకు కుదిరారు. ఇంటింటికీ తిరిగినవాళ్లకు పెన్నీలతో పాటు ఇంటి గోడు కూడా చెవిన పడింది. ఎవరు దారి తప్పారో, ఎవరు దిగులుతో ఉన్నారో తెలిసింది. తాను ఎంత తిరిగినా చేరలేని గడపల్లోకి వీళ్లు వెళ్లగలుగుతున్నారని మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ గ్రహించాడు. అప్పు కోసం మొదలైన తిరుగుడు పరామర్శగా మారింది.

ఆ వెస్లీకి కూడా మొదట మనసొప్పలేదు. తాను ఊళ్లో లేనప్పుడు లండన్‌లో థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు, గురువుగా అభిషేకం పొందనివాడు, వాక్యం చెబుతున్నాడని తెలిసి హడావుడిగా తిరిగొచ్చాడు. తల్లి సుసన్నా అడ్డుపడింది. ఆ పిల్లవాణ్నీ నీలాగే దేవుడు పిలిచాడు, ముందు అతను చెప్పేది విని చూడమంది. వెస్లీ విన్నాడు, ఒప్పుకున్నాడు. ఇంట్లో ఒక పెద్దావిడ చెప్పిన మాటకు ఎంత దూరం ప్రయాణం ఉంటుందో!

మన తెలుగు నేల మీద చూస్తే, 1860లలో ఒంగోలు వైపు తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య తాను నమ్మినదాన్ని తన వాళ్లకు తానే చెప్పుకున్నాడు. మిషనరీ జాన్ క్లౌ పేరయ్య పల్లెకు చేరేసరికే అక్కడ జనం ఎదురుచూస్తున్నారు. 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్య అయితే, బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరూ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పే బాధ్యత తనదీ అని పలికేలా చేశారు. చదువు రాని పాలేరు కూడా అందులో ఉన్నాడు.

ఎఫెసీ సంఘానికి రాసిన ఉత్తరంలో పౌలు చెప్పిందీ ఇదే కదా. కాపరులూ ఉపదేశకులూ ఉన్నది పరిచర్య అంతా తామే మోయడానికి కాదు, విశ్వాసులను ఆ పరిచర్యకు సిద్ధం చేయడానికి.

చదివితే సులువుగానే ఉంటుంది. చేసేవాళ్లకే తెలుస్తుంది. కోడెదూడను కాడికి అలవాటు చేసే రోజుల్లో దున్నకం ఆలస్యమవుతుంది, సాలు వంకర పోతుంది. తానే చెబితే ఇరవై నిమిషాల్లో చక్కగా అయిపోయే వాక్యం, కొత్త కుర్రాడు తడబడుతూ చెబుతుంటే పాస్టరు వెనక బెంచీలో కూర్చుని వినాలి. మధ్యలో అందుకోకూడదు. తర్వాత నలుగురిలో సరిదిద్దకూడదు. సాయంత్రం పిలిచి చాయ్ ఇచ్చి, "వచ్చే వారం కూడా నువ్వే చెప్పు బిడ్డా" అనాలి. ఆ ఒక్క మాటకు ఎంత బలముందో చిన్నప్పుడు ఎవరో ఒకరి నుంచి దాన్ని అందుకున్నవాళ్లకు తెలుసు.

జనం కూడా సాయపడరు. ఒంట్లో బాగాలేకపోతే అయ్యగారే రావాలి, అయ్యగారే ప్రార్థన చేయాలి. పక్కింటామె ఎంత మనసు పెట్టి చేసినా ఏదో వెలితి. అందులో ప్రేమ ఉంది, తప్పు పట్టలేం. పాస్టరుకూ అది తియ్యగానే ఉంటుంది. నేను లేకపోతే జరగదు అనుకోవడంలో ఉన్న హాయి ఎవరికి చేదు? అమ్మకు వంటింట్లో, మేస్త్రీకి పనిచోట, పంతులుకు బడిలో, అందరికీ తెలిసిన హాయే అది. దాన్ని వదులుకుని పక్కకు జరిగినవాళ్లంటే నాకు అందుకే అంత గౌరవం.

మెథడిస్టు పాస్టర్లకు బదిలీలుంటాయి. ఒక సంఘంలో మనుషులు బాగా దగ్గరయ్యే వేళకు ఆర్డరు వస్తుంది. సామాను వ్యానుకెక్కుతుంది, అమ్మగారిని పట్టుకుని ఆడవాళ్లు ఏడుస్తారు. కొత్తాయన రావడానికి ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో సండే స్కూలు నడిపినవాళ్లు, జబ్బు మనిషి దగ్గరకు వెళ్లి కూర్చున్నవాళ్లు, బుధవారం కూటానికి తమ వాకిట్లో చాపలు పరిచినవాళ్లు తప్పకుండా ఉంటారు. కొత్త పాస్టరు గారు సామాను దించుకుంటూనే వాళ్లెవరో అడిగి తెలుసుకుంటే, వెళ్లిపోయిన పాస్టరు గారు ఇన్నాళ్లూ ఏం చేశారో ఆయనకు తెలిసిపోతుంది.