డిశ్చార్జి అయితే పురుడు ముగిసినట్టేనా?

తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పురుళ్లు దాదాపు కనుమరుగయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంచిదే. అదే సర్వేలో మరో రెండు అంకెలు చూడండి. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 37.1 శాతమే. ఆసుపత్రికి చేరడంలో గెలిచాం, కాన్పు తర్వాతి సంరక్షణలో వెనకబడ్డాం.

కాన్పయ్యాక కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలనీ, ఆపై 48-72 గంటల మధ్య, 7-14 రోజుల మధ్య, ఆరో వారంలో తల్లీబిడ్డలను పరీక్షించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. మన దేశంలో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలన్నది నియమం. ప్రైవేటులో కాన్పయి, పుట్టింటి అపార్ట్‌మెంటుకు వెళ్లిన మీ అమ్మాయి పేరు ఏ ఆశా దగ్గర నమోదైంది? ఎప్పుడైనా అడిగారా?

ఎవరూ రాకపోతే ఇంటి అలవాట్లే వైద్యం అవుతాయి. బాలింతకు విశ్రాంతి, వేడి భోజనం మంచివే. మంచినీళ్లు తగ్గించడం, ముర్రుపాలు పారబోయడం, బిడ్డకు తేనె నాకించడం, బొడ్డుకు పసుపో నూనెో పూయడం మాత్రం వద్దు. మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగండి.

బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తున్నా, ఒళ్లు కాలుతున్నా, చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తల్లికి రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, పిక్కలో వాపు, నొప్పి కనిపించినా అంతే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే అది 'బాలింత నీరసం' కాదు, డాక్టరుకు చెప్పాల్సిన విషయం.

ఆరో వారంలో బిడ్డను టీకాకు తీసుకెళ్తాం. పక్కనే ఉన్న తల్లి బీపీ ఎంతో, కుట్లు మానాయో లేదో, రాత్రి నిద్రపడుతోందో లేదో అడగం. డిశ్చార్జి రోజే ఆ మూడు పరీక్షల తేదీలు రాయించుకోండి. బారసాల ముహూర్తం మరచిపోని ఇల్లు వీటినీ మరచిపోకూడదు.